పైల్స్ వేశామంటే సరిపోదు

సంపాదకుడు గారికి,

విజయవాడ పరిసరాల్లోని అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో ‘పైల్ ఫౌండేషన్’ (నేలలోకి లోతుగా దించే స్తంభాల పునాది) అన్న మాట ఈమధ్య పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది. పైల్స్ ఉంటే భూకంపానికి భయపడనక్కర్లేదని కొనేవారు అనుకుంటున్నారు, అమ్మేవారూ కాదనడం లేదు. ఈ నమ్మకం సగమే నిజం.

కృష్ణా డెల్టాలో పైన నల్లమట్టి, దాని కింద చాలాచోట్ల నీటితో నిండిన ఇసుక ఉంటుంది. మామూలు రోజుల్లో బరువు మోసే ఆ ఇసుక వదులుగా ఉంటే, బలమైన భూకంపపు కుదుపులకు రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి, కాసేపు చిక్కటి ద్రవంలా మారుతుంది. అప్పుడు పైల్‌కు చుట్టూ ఉన్న ఆసరా పోతుంది. నది, కాలువల వైపు జారే నేల దాన్ని పక్కకు నెడుతుంది కూడా. భవనం బరువుకు మాత్రమే లెక్కకట్టిన పైల్ ఈ వంపును తట్టుకోలేదు.

2001 భుజ్ భూకంపంలో కాండ్లా రేవులోని 22 మీటర్ల టవర్ 32 పైల్స్ మీద నిలబడి కూడా పక్కకు ఒరిగింది. అక్కడా పైన బంకమట్టి, కింద ఇసుకే. జపాన్‌లోని నీగాటాలో 1964 భూకంపం తర్వాత కూడా వాడుతూ వచ్చిన ఒక భవనం పునాదిని సుమారు 20 ఏళ్లకు తవ్వి చూస్తే, పైల్స్ విరిగిపోయి ఉన్నాయి. అన్నాళ్లూ పైనున్నవారికి ఆ సంగతే తెలియదు.

మన దగ్గర అంతటి భూకంపాలు రావని కొందరంటారు. భుజ్‌తో పోలిక అక్కర్లేదు, నిజమే. కానీ భూకంపాలను తట్టుకునే నిర్మాణాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 1893 2016 కూర్పు ప్రకారం విజయవాడ మూడో భూకంప మండలంలో (మధ్యస్థ ప్రమాదం) ఉంది, 1967లో ఒంగోలు వద్ద 5.4 తీవ్రతతో భూమి కంపించింది. ఇసుక ఇలా ద్రవంలా మారే ప్రమాదాన్ని లెక్కగట్టే పద్ధతి కూడా అదే కూర్పులో ఉంది. నల్లమట్టి ఉబ్బడాన్ని, కుంగడాన్ని తట్టుకోవడానికి వేసే పొట్టి అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండేవి) ఈ లెక్కకు జవాబు కావు.

ఇటీవల ఒక ఫ్లాట్ చూడబోయి, సాయిల్ టెస్ట్ నివేదిక అడిగాను. లిఫ్టు కంపెనీ పేరు చెప్పారు.

అందువల్ల నేల పరీక్షకు ఎన్ని బోర్లు, ఎంత లోతు వేశారో, ఏ లోతులో ఎస్‌పీటీ విలువ (నేల ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) ఎంతో, భూగర్భ జలం ఎక్కడుందో తెలిపే నివేదికను, పైల్‌ను పక్కకు నెట్టే బలాల లెక్కలను ప్లాన్ అనుమతికి తప్పనిసరి చేసి, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో ప్రతి ప్రాజెక్టు వివరాల పక్కన కొనుగోలుదారులు చూసేలా ఉంచాలి. ఒకే స్థలంలో రెండు మూలల మధ్యే ఇసుక లోతు మారిపోగల ఈ డెల్టాలో, పక్క స్థలపు నివేదిక నకలును అధికారులు అంగీకరించకూడదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజనీరు,
విజయవాడ