మాత్రల అట్ట మీద తేదీ ఏది?

అయ్యా,

మందుల షాపులో నాలుగు మాత్రలు అడిగితే అట్ట కత్తిరించి ఇస్తారు. మన చేతికొచ్చిన ముక్క మీద పేరు సగమే ఉంటుంది. గడువు తేదీ చాలాసార్లు షాపులో మిగిలిన ముక్క అంచునే ఉండిపోతుంది. ఉన్నా, వెండిరంగు రేకు మీద నొక్కిన ఆ సన్నటి అంకెలు మా అత్తగారికి కళ్లజోడు పెట్టుకున్నా ఆనవు. ఒక మాత్ర బదులు ఇంకోటి వేసుకుంటే పెద్దవాళ్ల అజాగ్రత్త అనడం అన్యాయం. లోపం అట్ట డిజైన్‌లో ఉంది. ప్రతి మాత్ర వెనకా పేరు, తేదీ నల్లగా ముద్రించాలి.

అహ్మదాబాద్‌లో 1961లోనే జాతీయ డిజైన్ సంస్థ పెట్టుకున్నాం. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకటి ఉంది. డిజైనర్లంటే కార్లకు, ఫోన్లకు సోకులు దిద్దేవాళ్లేనా? మందుల కంపెనీలు వాళ్ల చేత ఈ అట్టలు గీయించాలి. ఔషధ నియంత్రణ అధికారులు అందుకు నిబంధన తేవాలి.

– ఒక పాఠకురాలు, తెనాలి