పర్లాకిమిడి నుంచి అమ్మలుకు

చి॥ అమ్మలుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మేమిద్దరం క్షేమం. నీ ఉత్తరం అంది పదకొండు రోజులైంది. భువనేశ్వర్‌లో నీతో ఒకే ఇంట్లో ఉంటున్న బరంపురం అమ్మాయిని ఇన్నాళ్ళూ స్నేహితురాలనే అనుకున్నాం. ఆమెతోనే జీవితం గడపాలని నిశ్చయించుకున్నానని, పాతపట్నం మామయ్య కొడుకుతో సంబంధం మాట ఇక ఎత్తవద్దని రాశావు. జవాబు ఆలస్యం కావడానికి కోపం కారణం కాదు. రాయవలసిన మాటల్లో ఒకటి నా తప్పు గురించినది కావడం వల్ల చేయి సాగలేదు.

మీ అమ్మ మొదటి రోజు అన్న మాట నీ దగ్గర దాచను. "ఇది ఎక్కడైనా ఉందా?" అంది. ఈ ప్రశ్న నేను మా పెళ్ళినాడే ఒకరి ముఖంలో చూశాను. మీ అమ్మ నాకు మేనమామ కూతురు. తను పుట్టినప్పుడే పెద్దవాళ్ళు నాకు అనుకున్నారు, మమ్మల్ని అడిగినవారు లేరు. మన వీధిలోని ఒడియా కుటుంబాలకు మాత్రం మేనమామ పిల్లలంటే తోడబుట్టినవాళ్ళతో సమానం. పక్కింటి పెద్దావిడ అక్షింతలు గుప్పిట్లో పట్టుకొని, నేను తాళి కట్టే వేళకు తల దించుకోవడం పీటల మీద నుంచి చూశాను. ఒక క్షణం ఆగి, తల ఎత్తకుండానే అక్షింతలు వేసింది. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు కాయం నూరి తెచ్చింది కూడా ఆవిడే. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం చూసినా అన్నాచెల్లెళ్ళ బిడ్డల మధ్య వివాహం నిషిద్ధమే, కాకపోతే ఆ ఇరువురికీ వర్తించే ఆచారం అనుమతిస్తే తప్ప అని అందులో ఒక మినహాయింపు ఉంది. మా పెళ్ళి ఆ మినహాయింపు మీదనే నిలబడింది. గోడకు ఇవతల వరస అయినది అవతల తప్పు అవుతున్నప్పుడు, నీ ఎంపిక ప్రకృతికే విరుద్ధమని నీకు చెప్పే నోరు నాకు లేదు.

ఇక నా తప్పు. నువ్వు ఎలిమెంటరీ స్కూలులో ఉన్న రోజుల్లో, నేను దస్తావేజులు రాసే ఆఫీసు నోటీసు బోర్డు మీద ఒక ఉదయం జిగురు ఇంకా ఆరని కాగితం కనిపించింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోదలచినవారు ముందుగా నోటీసు ఇవ్వాలి, దాన్ని అందరికీ కనిపించేలా అంటించాలి, 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఆ అభ్యంతరం కూడా వయసు చాలలేదనో, ఇదివరకే పెళ్ళయిందనో చట్టం చెప్పిన కారణాల మీద ఉండాలి తప్ప, తండ్రికి ఇష్టం లేదన్నది అందులో లేదు. కాగితంలో ఉన్నది మన వీధి అమ్మాయి పేరు, వేరే కులానికి చెందిన ఒడియా అబ్బాయి పేరు. ఆ సాయంత్రమే వెళ్ళి ఆమె తండ్రికి చెప్పాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. మూడు వారాలు తిరగకుండా ఆమెను వేరే ఊరు తీసుకువెళ్ళి మేనబావకిచ్చి పెళ్ళి చేశారు. గడువు ముగిసిన మర్నాడు ఆ అబ్బాయి ఇస్త్రీ చొక్కా వేసుకొని, ముగ్గురు సాక్షులను వెంటబెట్టుకొని వచ్చి ఆఫీసు వరండాలో సాయంత్రం దాకా నిలబడ్డాడు. పది అడుగుల దూరంలో నా బల్ల దగ్గర కూర్చొని, సంగతి తెలిసి కూడా, నేను నోరు విప్పలేదు. ఇష్టపడినవారిని పెళ్ళాడే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోనిదని 2018లో కేరళ దంపతుల కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, ఆ వార్త చదువుతూ ఉంటే ఆ చొక్కాయే కళ్ళ ముందు నిలిచింది.

నీకు ఆ నోటీసు అంటించే అవకాశం కూడా లేదు. నీ ప్రేమ నేరం కాదని 2018 సెప్టెంబరు 6న తీర్పు వచ్చింది, నిజమే. ప్రత్యేక వివాహ చట్టం నాలుగో సెక్షను "ఎవరైనా ఇద్దరు వ్యక్తులు" అనే మొదలవుతుంది, కిందికి వచ్చేసరికి పురుషుడికి 21, స్త్రీకి 18 అని వయసులు చెబుతుంది. మొదటి మాటనే పట్టుకొని మాకూ అవకాశం ఇవ్వండని అడిగినవారికి, 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, చట్టం గుర్తించిన మేరకే తప్ప వివాహానికి షరతుల్లేని హక్కు లేదని, చట్టం మార్చడం పార్లమెంటు పని అని చెప్పింది. వివాహం కాకపోయినా అలాంటి బంధానికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలని ఇద్దరు న్యాయమూర్తులు అన్నారు, ముగ్గురు కాదన్నారు. పునఃసమీక్ష పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేశారు. ఎవరూ అడగకుండా జరిగిన నా పెళ్ళికి చట్టం పూర్తి రక్షణ ఇచ్చింది, అన్నీ ఆలోచించుకొని నువ్వు కోరుకున్నదానికి ఒక్క కాగితం ఇవ్వనంటోంది. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తోంది. అయితే కలిసి ఉండడానికి మాత్రం మీకు ఎవరి అనుమతీ అక్కరలేదు. పుట్టుకతో స్త్రీగా నమోదై తనను పురుషుడిగా గుర్తించుకున్న ఒక వ్యక్తి, ఇంటివాళ్ళు తీసుకుపోయిన తన సహచరి కోసం కటక్ హైకోర్టుకు వెళితే, 2020 ఆగస్టులో ఆ కోర్టు వారిద్దరికీ కలిసి జీవించే హక్కు ఉందని చెప్పింది. దాని నకలు ఒకటి ఇంట్లో ఉంచుకో.

పాతపట్నం వెళ్ళి, ఈ సంబంధం వద్దని మామయ్యకు చెప్పి వచ్చాను. కారణం అడిగాడు, చెప్పలేదు. ఒకరి సంగతి ఇంకొకరి గుమ్మంలో చెప్పే పని ఇక నేను చెయ్యను. ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది నీ ఇష్టం. మీ అమ్మ ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. నిన్న మాత్రం, ఆ అమ్మాయికి తల్లిదండ్రులున్నారా అని అడిగింది.

ఇద్దరూ ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవండి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోండి. అందుకు ఏ అడ్డూ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులోనే స్పష్టం చేసింది. అంతకన్నా ముఖ్యమైనది ఫ్లాటు. వాయిదాలు ఇద్దరూ కడుతున్నారు, రిజిస్ట్రేషను నీ ఒక్కదాని పేరున ఉంది. రాయకూడని మాటే అయినా రాస్తున్నాను: నీకేమైనా అయితే, వీలునామా లేని పక్షంలో, వారసత్వ చట్టం ప్రకారం అది నాకూ మీ అమ్మకూ వస్తుంది, ఆ అమ్మాయికి గోడ మీది మేకు కూడా దక్కదు. దసరా సెలవులకు ఇద్దరూ కలిసి రండి. నీ వీలునామా, ఆమె వీలునామా నేనే రాస్తాను. వీలునామాకు స్టాంపు అక్కరలేదు, ఇద్దరు సాక్షులు చాలు. ఆస్తి పొందేవారు సాక్షి సంతకం పెట్టకపోవడమే మంచిది కనుక ఆ అమ్మాయి నీ దానిమీద పెట్టవద్దు. నేను పెట్టవచ్చు. రెండో సంతకం పెడతావా అని మీ అమ్మను అడిగి ఉంచాను.

ఇట్లు,
మీ నాన్న