మార్కుకు ఇంతని వెల కడితే

సంపాదకులకు నమస్కారాలు.

మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు తల్లిదండ్రులు డబ్బు ఇవ్వడంలో తప్పేముందని వాదిస్తూ గత ఆదివారం మీ పత్రికలో ఒక పాఠకుడు రాసిన లేఖ చదివాను. పెద్దవాళ్లమే జీతం లేనిదే పని చెయ్యం కదా, పిల్లలు మాత్రం ఊరికే ఎందుకు కష్టపడాలన్నది ఆయన ప్రశ్న. తేలిగ్గా తీసిపారేయదగిన ప్రశ్న కాదది. 27 ఏళ్లపాటు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని, అంతకన్నా ముఖ్యంగా ఆయన చెప్పిన పద్ధతినే ఒకప్పుడు మా ఇంట్లో అమలుచేసి చేతులు కాల్చుకున్నదాన్ని కనుక, ఈ విషయంలో నాకు తెలిసినది రాయాలనిపించింది.

ముందుగా ఆ జీతం పోలిక సంగతి. ఉద్యోగికి జీతమిచ్చేది అతని పనివల్ల లాభపడే యజమాని. పిల్లవాడు భిన్నాలు నేర్చుకుంటే లాభపడేది పిల్లవాడే. దానికి మనం డబ్బు చేతిలో పెట్టామంటే, ఈ చదువు నీ కోసం కాదు, మా కోసం, అందుకే కూలి ఇస్తున్నామని నోరు తెరవకుండానే వాడికి చెప్పినట్టవుతుంది. పైగా జీతమనేది చేసిన పనికి ఇచ్చేది. సంస్థకు నష్టం వచ్చిన నెలలో కూడా గుమస్తాకు జీతం అందవలసిందే. మార్కుకు ఇచ్చే డబ్బు అలా కాదు. నెల రోజులు రాత్రి పదింటిదాకా కూర్చుని చదివినా, పేపరు కష్టంగా వచ్చి 52 దగ్గర ఆగిపోయిన పిల్లకు దాని వల్ల దక్కేది సున్న. పుస్తకం ముట్టకపోయినా తెలిసిన ప్రశ్నలే వచ్చి గట్టెక్కిన పిల్లవాడికి దక్కేది పూర్తి మొత్తం. దీన్ని జీతం అనడం కన్నా పందెం అనడం సబబు.

నేను ఉద్యోగంలో ఉండగా జరిగిన ఒక సంఘటన చెబుతాను. తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షల పేపర్లు దిద్ది పిల్లలకు ఇచ్చాను. ఒక కుర్రవాడికి 89 వచ్చాయి. వాడు ఒక లెక్కలో మైనస్ గుర్తును మధ్యలో ఎక్కడో పోగొట్టుకున్నాడు. రెండు మెట్లు దిగాక ఇంకో పొరపాటు చేశాడు. ఆ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవడంతో చివరికి సరైన జవాబు దగ్గరే తేలాడు. నేను పద్ధతి తప్పినందుకు ఒక మార్కు తగ్గించాను. సాయంత్రం బెల్లు కొట్టాక స్టాఫ్ రూముకు వచ్చి, "టీచర్, ఆన్సర్ కరెక్టే కదండీ, ఆ ఒక్క మార్కూ కలపండి" అన్నాడు. "కూర్చో, నీ మైనస్ ఎక్కడ జారిపోయిందో చూద్దాం" అన్నాను. "అది తర్వాత చూసుకుంటానండీ. ముందు తొంభై చెయ్యండి. తొంభై వస్తేనే మా నాన్నగారు డబ్బులిస్తానన్నారు" అన్నాడు. అంతకు ముందు ఏడాది మధ్యాహ్నం భోజనాల వేళ కూడా నన్ను వదలకుండా, ఎక్కడెక్కడివో చిక్కు లెక్కలు పట్టుకొచ్చి కూర్చునే పిల్లవాడు వీడే. నేను మార్కు కలపలేదు. ఆ రోజునుంచి వాడి దృష్టిలో నేను లెక్కలు చెప్పే టీచర్ని కాను, వాడికి రావలసిన డబ్బుకు అడ్డుపడిన మనిషిని. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు ఎలా అయిందన్నది నిజంగా ముచ్చటైన విషయం. దాని మీద ఒక పీరియడంతా మాట్లాడుకోవచ్చు. ఆ ముచ్చట వాడికి పట్టలేదు.

ఇది ఒక్క పిల్లవాడి కథేనని ఎవరైనా అనవచ్చు. అందుకే పెద్ద ఎత్తున జరిగిన పరిశీలనల వైపు కూడా చూడాలి. అమెరికాలో రోలండ్ ఫ్రయర్ అనే ఆర్థికవేత్త మూడు నగరాల్లో 200కు పైగా బడుల్లో ఈ ప్రశ్ననే నేరుగా పరీక్షించి, ఫలితాలను 2011లో ప్రచురించారు. షికాగోలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక్కొక్క సబ్జెక్టులో 'ఎ' గ్రేడుకు 50 డాలర్లు, 'బి' గ్రేడుకు 35, 'సి' గ్రేడుకు 20 చొప్పున ఇచ్చారు. అందులో సగం అప్పుడే ఇచ్చి, మిగతా సగం హైస్కూలు పూర్తిచేశాక ఇస్తామన్నారు. న్యూయార్క్‌లో నాలుగు, ఏడు తరగతుల పిల్లలకు పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి ఇచ్చారు. ఈ రెండు చోట్లా పిల్లల చదువులో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. డాలస్‌లో మాత్రం పద్ధతి మార్చారు. అక్కడ రెండో తరగతి పిల్లలు ఒక పుస్తకం చదివి, దాని మీద కంప్యూటర్లో చిన్న పరీక్ష రాసి నెగ్గితే 2 డాలర్లు. పరీక్షల ఫలితాల్లో, కాకతాళీయమని కొట్టిపారేయలేని మేలంటూ కనిపించింది అక్కడే, అదీ ఇంగ్లీషు మాట్లాడే పిల్లల్లోనే.

ఎందుకిలా జరిగిందన్న దగ్గరే అసలు విషయం ఉంది. ఇంకా ఎక్కువ డబ్బు సంపాదించాలంటే ఏం చేస్తారని న్యూయార్క్ పిల్లల్ని అడిగితే, ప్రశ్న జాగ్రత్తగా చదువుతాం, జవాబులు మరోసారి సరిచూసుకుంటాం అన్న ధోరణిలో పరీక్షల చిట్కాలే చెప్పారు. అర్థంకాని పాఠం టీచర్ని అడుగుతామన్న ఊసు రాలేదు. డబ్బు మీద ఆశ వాళ్లకు లేక కాదు. మార్కు ఎలా పెరుగుతుందో వాళ్లకు తెలియదు. పుస్తకం తెరవడం పిల్లవాడి చేతిలో ఉంది. మార్కు వాడి చేతిలో లేదు. అది పేపరు దిద్దేవారి చేతిలో, ప్రశ్నలిచ్చేవారి చేతిలో, ఆనాటి జ్వరం చేతిలో, కిందటి తరగతిలో గట్టిపడకుండా మిగిలిపోయిన పునాది చేతిలో ఉంది. దారి తెలియని వాడికి ఊరు చేరితే బహుమానం ఇస్తానన్నంత మాత్రాన దారి తెలిసిపోదు.

ఇక ఇష్టంగా చేసే పని సంగతి వేరు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలు గీయడమంటే సహజంగానే ఇష్టపడే నర్సరీ పిల్లల్ని తీసుకుని ఒక ప్రయోగం చేశారు. కొందరికి బొమ్మ గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి ముందు ఏమీ చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మిగిలినవారికి అసలు ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఆ రంగు పెన్నులనే తరగతి గదిలో ఊరికే పెట్టి చూస్తే, ముందుగా ఒప్పందం కుదుర్చుకున్న పిల్లలు వాటితో గడిపిన సమయం మిగతావారు గడిపిన దాంట్లో సగమే. చెప్పకుండా బహుమతి అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం ఏమీ తగ్గలేదు. అంటే చెరుపు చేసింది బహుమతి కాదు, బేరం. నా దగ్గరికి మార్కు కోసం వచ్చిన కుర్రవాణ్ణి ఈ ప్రయోగం గురించి చదివిన తర్వాతే నేను సరిగా అర్థం చేసుకున్నాను.

మా ఇంటి సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మా అమ్మాయి పెద్దది, అబ్బాయి చిన్నవాడు. ఎనభై దాటిన ప్రతి సబ్జెక్టుకూ ఇంత అని మా వారూ నేనూ కలిసే నిర్ణయించాం. చదువులో ఒక క్రమం వస్తుందని అనుకున్నాం. అమ్మాయికి ఒకసారి వింటే పట్టుబడే బుర్ర. మేము ఏ ఆశా చూపకపోయినా దానికి ఆ మార్కులు వచ్చేవే, కనుక దానికిచ్చింది ఊరికే ఇచ్చినట్టే. అబ్బాయి ఆ ఏడాది సైన్సులో 41 నుంచి 58కి వచ్చాడు. ఇంట్లో అసలు కష్టపడింది వాడు. కానీ మా లెక్క ప్రకారం వాడికి ఏమీ రాలేదు. "అక్క డబ్బులు ఎలాగూ అక్కకే వస్తాయి కదమ్మా, ఇంక నేను చదివి ఏం లాభం?" అని అడిగాడు. వాడు కోపంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. జవాబు చెప్పలేక, నీకూ కొంత ఇస్తాంలే అన్నాను. అది ఇంకో పొరపాటు. ఆ తర్వాతి పరీక్షల ప్రోగ్రెస్ కార్డు వాడి సంచిలో అట్ట వేసిన పుస్తకానికీ అట్టకీ మధ్య దొరికింది. మీద వాళ్ల నాన్న సంతకం ఉంది, చేసింది మాత్రం ఆయన కాదు. లెక్కల టీచరు ఇంట్లో ఇలా జరగడమేమిటని నేను ఎవరికీ చెప్పుకోలేదు, ఇన్నాళ్లకు ఇక్కడ చెబుతున్నాను.

ఆ పద్ధతి మానేశాం. మానెయ్యడం మొదలుపెట్టినంత సులువు కాదని అప్పుడే తెలిసింది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల సంరక్షణ కేంద్రాల మీద యూరి గ్నీజీ, ఆల్డో రుస్టికినీ చేసిన పరిశీలన ఒకటి 2000లో వచ్చింది. సాయంత్రం పిల్లల్ని ఆలస్యంగా తీసుకువెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గలేదు సరికదా, ఎక్కువయ్యాయి. డబ్బు కడుతున్నాం కదా, ఆలస్యమైతే ఏమైందనుకున్నారు. జరిమానా ఎత్తేసిన తర్వాత కూడా ఆ ఆలస్యాలు మునుపటి స్థాయికి దిగలేదు. ఒకసారి వెల కట్టిన తర్వాత, వెల తీసేసినా పాత మొహమాటం తిరిగి రాలేదన్నమాట. మా అబ్బాయి కూడా ఏడాది పైనే ప్రతి పనికీ "దీనికి ఎంత?" అని అడిగాడు, కొట్టు దాకా వెళ్లి రమ్మన్నా సరే.

ఎదుటి పక్షానికి కూడా న్యాయం చెయ్యాలి. డబ్బు ఆశ ఎక్కడా పనిచెయ్యదని అంటే అబద్ధమవుతుంది. కెన్యాలో ఆరో తరగతి ఆడపిల్లల్లో బాగా మార్కులు వచ్చినవారికి తర్వాతి రెండేళ్లకు ఫీజులకు, చదువు ఖర్చులకు సహాయం ప్రకటిస్తే, పిల్లల మార్కులు పెరిగాయి, టీచర్లు బడికి రావడం కూడా మెరుగుపడింది. కానీ అక్కడ ఇచ్చింది చదువు ఆగిపోకుండా చదువుకే పెట్టిన డబ్బు. మెక్సికో, బ్రెజిల్ ప్రభుత్వాలు పిల్లల్ని బడికి పంపిన పేద కుటుంబాలకు డబ్బిచ్చినదీ, పిల్లవాడు పనికి పోతే ఇంటికి వచ్చే రాబడిని భర్తీ చెయ్యడానికే. వాటికీ, లోటు లేని ఇంట్లో ప్రోగ్రెస్ కార్డు చూసి పర్సు తియ్యడానికీ పోలిక లేదు. అలాగే ఎక్కాలు వల్లె వెయ్యడం వంటి రుచిలేని పనికి తొలి రోజుల్లో చిన్న ఆశ చూపితే పెద్ద ప్రమాదమేమీ లేదని నా అనుభవం. అక్కడ పాడవడానికి ముందే ఉన్న ఇష్టమంటూ ఏదీ లేదు.

కనుక ఆ పాఠకుడికి నేను చెప్పేది, ఇవ్వడం పూర్తిగా మానెయ్యమని కాదు. ఏదైనా ఇచ్చి తీరాలనిపిస్తే పిల్లవాడి చేతిలో ఉన్న పనికి ఇవ్వండి, మార్కుకు ఇవ్వకండి. సంతోషం పట్టలేక ఇవ్వాలనిపిస్తే ముందు చెప్పకుండా ఇవ్వండి, మళ్లీ పరీక్షకు దాన్ని గుర్తుచెయ్యకండి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఇద్దరికీ ఒకే గీత గీయకండి.

బడుల వారికి కూడా ఒక విన్నపం ఉంది. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల పట్టిక మాత్రమే చేతిలో పెడుతున్నారు. అంకె తప్ప ఇంకేమీ కనబడని తండ్రి ఆ అంకె గురించి కాక ఇంకేం మాట్లాడతాడు? దిద్దిన జవాబు పత్రాలను కూడా ఒక రాత్రికి ఇంటికి పంపమని నా మనవి. మా అబ్బాయితో నాకు మళ్లీ మాటలు కలిసింది అలాగే. వాడి సైన్సు పేపరును బల్ల మీద పరిచి, ఎర్ర సిరా ఉన్న చోటల్లా, ఇక్కడ నువ్వేమనుకుని ఇలా రాశావని అడుగుతూ పోయాను. మొదటి రోజు రెండు ప్రశ్నల దగ్గరే గంట గడిచింది. మూడో ప్రశ్నకు వాడు రాసినదే సరైనదని, టీచరు పొరపాటున కొట్టేశారని తేలింది. మర్నాడు వెళ్లి మార్కు కలిపించుకో అన్నాను. "ఎందుకమ్మా, నాకు తెలుసు కదా" అని పేపరు మడిచి లోపల పెట్టుకున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు