ఎర్లమ్‌లో చదివిన తెలుగువాళ్లం: ఈ ఏడాది నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

అమెరికాలో ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లోని ఎర్లమ్ కాలేజీలో మన చదువులు పూర్తయి కొందరికి పాతికేళ్లు, కొందరికి ముప్ఫై దాటాయి. ఇన్నేళ్లయినా మనం చెదిరిపోలేదంటే ఆ కాలేజీలో అలవాటైన క్వేకర్ (మౌనంగా కలిసి కూర్చుని ప్రార్థించే క్రైస్తవ శాఖ) పద్ధతులే కారణమని నా నమ్మకం. ఈ ఏడాది అది కళ్లారా చూశాం. అందుకే నివేదికలో ఎక్కువ భాగం ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

మనలో చాలామందికి పాఠాలు చెప్పిన ఒక ప్రొఫెసర్ నిరుడు కన్నుమూశారు. ఆయన పేరున నిధి పెట్టి, మన ప్రాంతాల నుంచి కొత్తగా వెళ్లే పిల్లలకు చలికోట్లు, బూట్లు కొనిపెడదామని జనవరి సమావేశంలో ప్రతిపాదన వచ్చింది. డబ్బు ఇవ్వడానికి అందరూ సిద్ధమే. పేరు దగ్గరే ఆగింది. హైదరాబాద్ నుంచి మాట్లాడిన ఒక అక్క అభ్యంతరం చెప్పారు. "డాక్టర్ అని పిలిస్తే ఒప్పుకోని మనిషి ఆయన. పేరు పెట్టి పిలవమనేవారు. ఇప్పుడు ఆయన పేరుతో నిధి అంటే ఆయనకు నచ్చేదా?" అన్నారు. తొలినాటి క్వేకర్లు అందరూ సమానమేనంటూ సమాధుల మీద రాళ్లు కూడా వద్దనుకున్నారనీ, ఇంగ్లండ్‌లో 1850లో గానీ సాదా రాళ్లకు ఒప్పుకోలేదనీ గుర్తుచేశారు.

వేరే సంఘమైతే చేతులెత్తించి అప్పుడే తేల్చేసేది. మన దగ్గర ఓటింగ్ లేదు. ఎర్లమ్‌లో అధ్యాపకుల సమావేశాలు కూడా ఓట్లతో కాకుండా అందరి సమ్మతితోనే నడిచేవి. ఒక్కరు మనసులో మాటగా కాదన్నా ఆగి వినాలి. మార్చిలోనూ తేలలేదు. మేలో ఎప్పటిలాగే కాసేపు మౌనంగా కూర్చుని మొదలుపెట్టాం. ఆ మౌనం ఈసారి చాలాసేపు సాగింది. ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ వేసినా ఎవరూ కదల్లేదు. చివరికి ప్రతిపాదన తెచ్చిన అన్నయ్యే, "పేరు వద్దు. పిల్లలకు కోట్లు అందితే చాలు" అన్నారు. సమావేశం నడిపే క్లర్క్ అక్కడికక్కడే తీర్మానం రాసి చదివి వినిపించారు. అందరూ సరేనన్నాకే లేచాం. ఓటు పెట్టి గెలిచి ఉంటే ఆ అక్కో, ఈ అన్నయ్యో మనకు దూరమయ్యేవారని నాకు గట్టిగా అనిపించింది.

ఆగస్టులో చేరిన పిల్లలకు డబ్బు అందింది. గుంటూరు అమ్మాయి ఒకతి ఫొటో పంపింది. నీలం కోటు మోకాళ్ల దాకా ఉంది, చేతివేళ్లు కనపడటం లేదు. "లోపల రెండు స్వెటర్లు పట్టాలని పెద్ద సైజు తీసుకున్నా ఆంటీ" అని రాసింది. రిచ్‌మండ్ జనవరి తెలిసినవాళ్లెవరైనా ఆ అమ్మాయి తెలివిని మెచ్చుకుంటారు.

అక్టోబరులో పాత విద్యార్థులు కాలేజీలో కలుసుకునే హోమ్‌కమింగ్‌కు కొన్ని కుటుంబాలు వెళ్లాయి. హార్ట్ అని మనం పిలుచుకునే ఆ పచ్చిక చుట్టూ ఆకులు రంగు మారే రోజులవి. పిల్లలు కాలేజీలోని జోసెఫ్ మూర్ మ్యూజియంలో మాస్టడాన్ (ఏనుగులాంటి, ఎప్పుడో అంతరించిన జంతువు) అస్థిపంజరం దగ్గర నుంచి ఓ పట్టాన కదల్లేదట. అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఫౌంటెన్ సిటీకి వెళ్లి లీవై కాఫిన్ దంపతుల ఇల్లు చూశారు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్లను ఈ క్వేకర్ దంపతులు అక్కడ దాచేవారు. మేడమీద గదిలో మంచం వెనక ఉండే చిన్న తలుపు, అడుగున రహస్య అర ఉన్న బండి పిల్లలకు బాగా గుర్తుండిపోయాయి. చదువుకునే రోజుల్లో ఇంత దగ్గర్లో ఉండి కూడా మనలో చాలామందిమి అక్కడికి వెళ్లలేదు. ఈసారి వెళ్లేవాళ్లు తప్పకుండా చూడండి.

ఆన్‌లైన్ సమావేశాలు క్రమంగానే జరిగాయి. జమాఖర్చుల పట్టీ విడిగా పంపుతున్నాం, సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

ఒక బాధ్యత మిగిలే ఉంది. 1990ల బ్యాచ్‌లలో కొందరి ఆచూకీ ఇంకా దొరకలేదు. అడ్రసు తెలిసినవాళ్లు దయచేసి రాయండి. వచ్చే ఏడాదికి కొత్త క్లర్క్ కావాలి. పెద్ద పనేమీ కాదు: అందరి మాటా ఓపిగ్గా వినగలగాలి, విన్నది ఉన్నదున్నట్టు రాయగలగాలి. ఇష్టమున్నవాళ్లు, లేదా ఎవరి పేరైనా సూచించాలనుకునేవాళ్లు, జనవరి సమావేశంలోపు చెప్పండి.

— కార్యదర్శి