సరిహద్దులు మూసి ఉండగానే గడువు తీరిన వోచర్, ఎక్కనివ్వని విమానానికి టికెట్లు: ఫిర్యాదు

సిడ్నీ,
10 జనవరి 2022

కస్టమర్ సేవల విభాగం అధిపతి గారికి,
టికెట్ బుకింగ్ సంస్థ, హైదరాబాద్ కార్యాలయం.

విషయం: రద్దయిన టికెట్ల డబ్బు రూ.1,18,400, ప్రయాణానికి పనికిరాని టికెట్లకు తీసుకున్న రూ.1,91,250 తిరిగి ఇవ్వడం గురించి.

అయ్యా,

మీ సంస్థ ద్వారా మావారికీ నాకూ హైదరాబాద్ నుంచి సిడ్నీకి రెండుసార్లు టికెట్లు కొన్నాను. మొదటిసారి కొన్నవి కరోనా వల్ల విమానాలు ఆగిపోయి రద్దయ్యాయి. ఆ డబ్బు విమానయాన సంస్థ మీకు ఎప్పుడో ఇచ్చేసింది, మీరు మాత్రం నాకు ఇవ్వలేదు. రెండోసారి మీరు అమ్మింది మాలాంటి ప్రయాణికులను ఎక్కనివ్వని దారిలో టికెట్లు. ఫోన్లలో, చాట్‌లలో ఎన్నిసార్లు చెప్పుకున్నా ప్రతిసారీ కొత్త మనిషి, కొత్త జవాబు. అందుకే జరిగిందంతా ఒకచోట రాసి పంపుతున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

మొదటి టికెట్లు 2020 జనవరిలో కొన్నాం. మా అమ్మాయి, అల్లుడు సిడ్నీలో ఉంటారు. 2020 మే నెలాఖరులో అమ్మాయికి పురుడు రావాలి. అక్కడ చూసుకునే పెద్దవాళ్లెవరూ లేరు కాబట్టి మే 5న బయల్దేరేలా, ఆరు నెలలు ఉండి వచ్చేలా రానుపోను టికెట్లు తీసుకున్నాం. వీసాలు కూడా వచ్చాయి. మార్చి 20న ఆస్ట్రేలియా తన పౌరులకు, శాశ్వత నివాసులకు, వాళ్ల దగ్గరి కుటుంబ సభ్యులకు తప్ప అందరికీ సరిహద్దు మూసేసింది. ఆ వెంటనే మన దేశం కూడా అంతర్జాతీయ విమానాలన్నీ ఆపేసింది. దీనికి మీరు బాధ్యులని నేను ఏనాడూ అనలేదు. అప్పుడు మీ పనివాళ్లు కూడా టెన్షన్‌లోనే ఉండి ఉంటారు. డబ్బు కొంచెం ఆలస్యమైనా ఓపిక పట్టేవాళ్లమే.

కానీ మీరు డబ్బు ఇస్తామనలేదు. మమ్మల్ని ఒక్క మాట కూడా అడగకుండా మీ యాప్‌లోని వాలెట్‌లో ఒక వోచర్ వేసి, "2021 మే 5లోగా వాడుకోండి" అని మెసేజ్ పంపారు. అది ఇదే దారిలో, మీ దగ్గరే టికెట్ కొనడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదు.

ఆ ఏడాదిలో దాన్ని వాడే వీలు మాకు ఒక్క రోజైనా ఉందా? ఆస్ట్రేలియా నిబంధనల ప్రకారం దగ్గరి కుటుంబం అంటే భార్య లేదా భర్త, వాళ్ల మీద ఆధారపడిన పిల్లలు, చట్టబద్ధ సంరక్షకులు. తల్లిదండ్రులు ఆ జాబితాలో లేరు. కన్నకూతురు కాన్పుకి వెళ్లే తల్లి ఆ లెక్కలో బయటి మనిషే. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా బాధగానే ఉంది. అమ్మాయే వద్దామన్నా కుదరలేదు. 2020 మార్చి 25 నుంచి అక్కడి పౌరులు, శాశ్వత నివాసులు దేశం దాటాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. తిరిగి వెళ్లాక హోటల్లో 14 రోజులు క్వారంటైన్. 2020 జూలై 18 నుంచి సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో దానికి ఒకరికి 3,000 ఆస్ట్రేలియా డాలర్లు, భార్యాభర్తలిద్దరైతే 4,000 డాలర్లు. పైగా రోజుకు ఇంతమందినే దింపాలన్న పరిమితి ఉండడంతో, టికెట్ ఉన్నా తిరిగి వెళ్లే విమానంలో చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. నెలల బిడ్డను తీసుకుని రమ్మని ఏ ధైర్యంతో చెప్పగలం?

ఇక మీరు పెట్టిన గడువు ఎలాంటి రోజున తీరిందో చూడండి. మన దగ్గర రెండో వేవ్ ఉధృతంగా ఉందని 2021 ఏప్రిల్ 27న ఆస్ట్రేలియా ఇండియా నుంచి వచ్చే విమానాలను ఆపేసింది. మే 3 నుంచి, గత 14 రోజుల్లో ఇండియాలో ఉన్నవాళ్లు తమ సొంత పౌరులే అయినా సరే, అక్కడ అడుగుపెడితే 5 ఏళ్ల వరకు జైలు లేదా 66,600 డాలర్ల వరకు జరిమానా అని ప్రకటించింది. మే 15 దాకా అదే పరిస్థితి. మీ వోచర్ గడువు మే 5న ముగిసింది. అప్పుడు దాన్ని వాడి టికెట్ కొని మేం ఎక్కడికి వెళ్లాలి?

గడువు పొడిగించమని ముందే, ఏప్రిల్‌లోనే అడిగాను. "బోర్డర్ తెరిచాక కాల్ చేయండి మేడమ్, అప్పుడు యాక్టివేట్ చేస్తాం" అని మీ ఉద్యోగి చెప్పారు. ఆ చాట్ కాపీ ఈ లేఖకు జతచేశాను. అక్టోబర్‌లో మళ్లీ అడిగితే, "సిస్టమ్‌లో ఎక్స్‌పైర్డ్ అని చూపిస్తోంది, మా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు. ఫోన్ ఎత్తిన ఆ అమ్మాయిని నేను తప్పుపట్టడం లేదు. ఆమె ముందున్న తెరమీద ఏముంటే అదే చెప్పింది. ఆ తెరమీద అలా వచ్చేలా నిబంధన రాసినవాళ్లకే నా ప్రశ్న.

అప్పుడు నేరుగా విమానయాన సంస్థకు ఈమెయిల్ రాశాను. రెండు టికెట్ల పూర్తి సొమ్ము 2020 నవంబర్‌లోనే ఏజెంటుకు, అంటే మీకు, చెల్లించామని వాళ్లు లిఖితపూర్వకంగా జవాబిచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెత మాకు అక్షరాలా వర్తించింది. నాకు వోచర్ గడువు గుర్తుచేస్తూ మెసేజ్‌లు పంపుతున్న నెలల్లో నా డబ్బు మీ ఖాతాలోనే ఉంది. వోచర్ గడువు తీరిందంటే అర్థం ఏమిటి? ఆ డబ్బు మీదైపోయిందనా? ఇంత పెద్ద విషయం ఇప్పటిదాకా మీ సంస్థలో ఒక్కరు కూడా నాకు చెప్పలేదు.

లాక్‌డౌన్ వల్ల రద్దయిన టికెట్ల గురించి సుప్రీంకోర్టు 2020 అక్టోబర్ 1న తీర్పు ఇచ్చింది. మీ వ్యాపారమే ఇది కాబట్టి మీకు తెలియదని అనుకోను. ప్రయాణికుల డబ్బు ప్రయాణికులకు చేరాలి, ఏజెంటు ద్వారా కొన్నంత మాత్రాన అది మధ్యలో ఆగిపోకూడదు అన్నదే ఆ తీర్పు సారం. వెంటనే చెల్లించలేని విమానయాన సంస్థలు క్రెడిట్ షెల్, అంటే డబ్బుకు బదులు తర్వాతి టికెట్లకు వాడుకునే జమ, ఇచ్చినా దాని విలువ 2020 జూన్ 30 వరకు నెలకు 0.5 శాతం, ఆ తర్వాత 2021 మార్చి 31 వరకు నెలకు 0.75 శాతం చొప్పున పెరగాలని కూడా అందులో ఉంది. డబ్బు ఆలస్యమైతే ప్రయాణికుడికి కొంత కలిపి ఇవ్వమని కోర్టు చెప్పింది. మీరు కలపకపోగా అసలుకే గడువు పెట్టారు.

ఇక రెండో విషయం.

2021 నవంబర్ 1 నుంచి పౌరుల, శాశ్వత నివాసుల తల్లిదండ్రులను కూడా దగ్గరి కుటుంబంగా పరిగణిస్తామని ఆస్ట్రేలియా ప్రకటించింది. మనవడికి ఏడాదిన్నర వస్తోంది, ఇంకా వాణ్ణి ఎత్తుకున్నది లేదు. వెంటనే పనులు మొదలుపెట్టాం. కొత్తగా వీసాలు తీసుకున్నాం. ఆమె మా కూతురేనని చూపించడానికి మున్సిపాలిటీ చుట్టూ తిరిగి జనన ధ్రువపత్రం తీయించాం. దానితో ప్రయాణ మినహాయింపుకు దరఖాస్తు చేస్తే అదీ వచ్చింది. నేను వేసుకున్నది కోవిషీల్డ్, మావారు వేసుకున్నది కోవాగ్జిన్. కోవాగ్జిన్‌ను ఆస్ట్రేలియా నవంబర్ 1నే గుర్తించింది. అయినా ఆ తర్వాత నేను ఫోన్ చేస్తే మీ కాల్‌సెంటర్‌లో "కోవాగ్జిన్ చెల్లదు, సార్ ప్రయాణించలేరు" అన్నారు. మావారు ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు అమ్మాయి అక్కడి ప్రభుత్వ ప్రకటన పంపితే గాని ఆయన కుదుటపడలేదు. తెలియకపోతే కనుక్కుని చెబుతామనవచ్చు కదా? నమ్మకంగా తప్పు చెప్పడం ఎందుకు?

ఇంత జరిగాక కూడా మళ్లీ మీ దగ్గరే ఎందుకు కొన్నామంటే, కొత్త టికెట్లు తీసుకుంటే పాత వోచర్ విలువను తర్వాత సర్దుబాటు చేస్తామని మీ వాళ్లే చెప్పారు. నవంబర్ మూడో వారానికి, మధ్యలో ఒక దేశంలో విమానం మారేలా టికెట్లు ఇచ్చారు. రూ.1,91,250 కట్టాం. బయల్దేరే ముందు 72 గంటల్లోపు ఆర్‌టీపీసీఆర్ పరీక్ష చేయించుకున్నాం. అన్ని కాగితాలూ ఫైల్లో పెట్టుకుని శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లాం.

కౌంటర్‌లో మా కాగితాలన్నీ చూశారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు. అయినా బోర్డింగ్ పాస్ ఇవ్వలేదు. కారణం మాకు ఎవరూ ఎన్నడూ చెప్పనిది. అప్పటికి మన దేశం నుంచి మామూలు అంతర్జాతీయ విమానాలు లేవు. ఒక్కో దేశంతో విడిగా చేసుకున్న ఎయిర్ బబుల్ ఒప్పందాల కిందే ప్రయాణికుల విమానాలు నడుస్తున్నాయి. ఎవరిని ఎక్కించుకోవచ్చో, అక్కడి నుంచి ఏయే దేశాలకు వెళ్లేవాళ్లను అనుమతించవచ్చో ఒక్కో ఒప్పందంలో ఒక్కో రకంగా ఉంది. మీరు మాకు టికెట్ ఇచ్చిన దారిలోని ఒప్పందం కింద ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లను ఎక్కించుకోకూడదు. కౌంటర్‌లోని అధికారి ఓపిగ్గా వివరించి, "ఇది మీకు టికెట్ అమ్మినవాళ్లు చూడాల్సిన విషయం అమ్మా" అన్నారు. ఎక్కనివ్వలేదని ఒక కాగితం కూడా రాసిచ్చారు.

ఆ అర్ధరాత్రి మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, పొద్దున పది తర్వాత చేయమని రికార్డు వినిపించింది. మోకాళ్ల నొప్పులున్న మావారు సామాన్ల బండికి ఆనుకుని నిలబడ్డారు. అక్కడ అమ్మాయి సెలవు పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఆ పిల్లకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

తర్వాత మీరిచ్చిన జవాబు రెండు ముక్కలు. ఒకటి, ప్రయాణ నిబంధనలు తెలుసుకోవడం ప్రయాణికుల బాధ్యత అని షరతుల్లో ఉంది. రెండు, మేం విమానం ఎక్కలేదు కాబట్టి ఇది "నో షో", రీఫండ్ సున్నా.

మొదటిదానికి నా జవాబు ఇది. వీసా, టీకా, పరీక్ష, మినహాయింపు మా బాధ్యత. అన్నీ చేసుకున్నాం. ఏ దారిలో ఎవరికి టికెట్ అమ్మవచ్చో తెలుసుకోవడం మాత్రం అమ్మేవాళ్ల పని. రెండు దేశాల మధ్య ఒప్పందంలోని షరతు మీకే తెలియకపోతే, మీ యాప్‌లో తేదీలు నొక్కే మాకు ఎలా తెలుస్తుంది? టికెట్ పేజీలో హోటళ్ల ప్రకటనలకు, బీమా అమ్ముకోవడానికి చోటుంది. "ఈ దారిలో ఆస్ట్రేలియా వెళ్లేవారిని అనుమతించరు" అన్న ఒక్క వాక్యానికి చోటు లేకపోయింది. రెండోది మరీ అన్యాయం. రానివాళ్లను నో షో అంటారు. మేం టైముకి వచ్చాం, కౌంటర్ ముందు నిలబడ్డాం, మమ్మల్ని వెనక్కి పంపారు. రాసిచ్చిన కాగితం కాపీ మీకు రెండుసార్లు పంపాను. అది అందిందన్న మాట కూడా మీ దగ్గర్నుంచి రాలేదు.

చివరికి డిసెంబర్‌లో వేరే ఏజెంటు దగ్గర ఢిల్లీ నుంచి నేరుగా సిడ్నీకి టికెట్లు తీసుకుని వచ్చాం. ఆ ఏజెంటుది చిన్న ఆఫీసు. డబ్బు తీసుకునే ముందే మా కాగితాలన్నీ అడిగి చూశాడు. ఒమిక్రాన్ వల్ల న్యూ సౌత్ వేల్స్‌లో దిగాక 72 గంటలు ఇంట్లోనే విడిగా ఉండాలనీ, నిబంధనలు మళ్లీ మారవచ్చనీ, మారితే ఏ ఖర్చు ఎవరిదో కూడా కాగితం మీద రాసి చూపించాడు. అన్నీ తెలిసే కొన్నాం కాబట్టి మాకు ఏ ఇబ్బందీ అనిపించలేదు. మీ అంత పెద్ద సంస్థకు ఇది చేయడం కష్టమని నేను ఒప్పుకోను.

నేను కోరుతున్నవి ఇవి. మొదటి టికెట్ల డబ్బు రూ.1,18,400ను, అది మీ చేతికి వచ్చిన నాటి నుంచి వడ్డీతో, వోచర్‌గా కాకుండా మా బ్యాంకు ఖాతాకు పంపాలి. రెండో టికెట్ల రూ.1,91,250 పూర్తిగా తిరిగి ఇవ్వాలి. వృథా అయిన పరీక్షల ఖర్చు, విమానాశ్రయానికి రానుపోను టాక్సీ ఖర్చు రసీదుల ప్రకారం చెల్లించాలి. మా రికార్డులో "నో షో" అన్న మాట తీసేసి, ఎక్కనివ్వలేదని నమోదు చేయాలి. సరిహద్దులు మూసి ఉండగా గడువు తీరిన వోచర్లు ఇంకా ఎంతమంది తల్లిదండ్రుల దగ్గర ఉన్నాయో మీ లెక్కల్లోనే ఉంటుంది. వాళ్లు అడిగేదాకా ఆగకుండా వాళ్ల డబ్బు కూడా తిరిగి పంపండి. వాళ్లలో చాలామందికి విమానయాన సంస్థకు నేరుగా రాయవచ్చని కూడా తెలియదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా బాధ్యత గల అధికారి సంతకంతో జవాబు రావాలి. రాకపోతే పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఈ-దాఖిల్ ద్వారా కేసు వేస్తాను. మేం నివాసముండే చోటే కేసు వేసుకునే వీలు ఆ చట్టం ఇచ్చింది. సిడ్నీలో ఉన్నా ఆన్‌లైన్‌లో దాఖలు చేయగలను. కావలసిన కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

రెండు బుకింగ్‌ల వివరాలు, వోచర్ మెసేజ్, ఏప్రిల్ నాటి చాట్ కాపీ, విమానయాన సంస్థ ఈమెయిల్, కౌంటర్‌లో రాసిచ్చిన కాగితం, ఖర్చుల రసీదులు ఈ లేఖతో పంపుతున్నాను.

ఇట్లు,
రెండు బుకింగ్‌లలోనూ మీకు డబ్బు చెల్లించిన ప్రయాణికురాలు