ఎర్రగడ్డకు వెళ్లాలనుకుంటున్న విద్యార్థిని నుంచి వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మన హైదరాబాద్‌లో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే ‘వీణ్ని ఎర్రగడ్డకు పంపాలె’ అంటారు. అక్కడి ప్రభుత్వ మానసిక ఆసుపత్రి వల్ల వచ్చిన మాట అది, మీరూ వినే ఉంటారు. నేను మాత్రం రెండేళ్లుగా ఎర్రగడ్డకు వెళ్లాలనే ప్రయత్నిస్తున్నాను. పేషెంటుగా కాదు, ట్రైనీగా.

నేను సైకాలజీలో ఎంఎస్సీ చేశాను. చివరి సెమిస్టర్‌లో నెల రోజులు ఒక ప్రభుత్వ దవాఖానలో ఉండి చూసే అవకాశం వచ్చింది. అక్కడికి ఒకరోజు ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును తీసుకుని వచ్చింది. తెల్లవారుజామున ఊళ్లో బస్సెక్కితే పదకొండు గంటలకు చేరిందట. సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం, కావాలంటే బాబుకు ఐక్యూ పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష చేసే సైకాలజిస్టు ఒక్కరే, ఆ రోజు సెలవు. మూడు వారాల తర్వాత రమ్మన్నారు. ఆమె ఏమీ అనలేదు. బాబు చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టి, మళ్లీ ఏ బస్సుకు వెళ్లాలో నన్ను అడిగింది.

బినే-కామత్ అనే ఐక్యూ పరీక్ష గురించి నేను పుస్తకంలో చదివాను, క్లాసులో తోటి విద్యార్థి మీద చేసి చూశాను. కానీ ఆ బాబుకు చేసే అర్హత నాకు లేదు. ఉండకూడదు కూడా. ఒక పిల్లవాడి జీవితం మీద అంకె వేసే పని, నాలుగుసార్లు ప్రాక్టికల్స్ చేసినవాళ్లది కాదు. నా బాధ నియమం మీద కాదు సార్. ఆ నియమం అడిగే శిక్షణ ఎక్కడ దొరుకుతుందన్నదే నా బాధ.

బయట చాలామందికి తెలియదు, మా ఇంట్లో అయితే అసలే తెలియదు. సైకాలజీలో పీజీ చేస్తే క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆ పేరు పెట్టుకోవాలంటే భారత పునరావాస మండలి, అంటే మేమందరం ఆర్‌సీఐ అనే సంస్థ, గుర్తించిన కోర్సు చేసి ఉండాలి. ఇన్నేళ్లూ ఆ కోర్సు ఎంఫిల్. పీజీ అయ్యాక ఇంకో రెండేళ్లు ఆసుపత్రిలోనే ఉండి, సీనియర్ల పర్యవేక్షణలో కేసులు చూస్తూ నేర్చుకునే చదువు.

ఆ ఎంఫిల్‌కు ఏమైందో చెప్తే మీకే తల తిరుగుతుంది. 2020 జాతీయ విద్యా విధానం ఎంఫిల్ వద్దంది. 2022లో ఎంఫిల్ ఆపేయాలంటూ యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, నిబంధనలు వచ్చాయి. 2023 డిసెంబర్‌లో ఎంఫిల్‌లో ఎవరూ చేరొద్దని హెచ్చరించారు. ఆ వెంటనే 2024 జనవరిలో, క్లినికల్ సైకాలజీకీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కూ మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు ఫర్వాలేదన్నారు. ఈలోగా ఆర్‌సీఐ రెండేళ్ల ఎంఏ క్లినికల్ సైకాలజీ కోర్సు తెచ్చింది. మంచిదే, చదువు కాలం తగ్గుతుంది. కానీ నాలాగా ఎంఎస్సీ చేసి ఎంఫిల్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు అటూ ఇటూ కాకుండా పోయాం. ఒక కాలేజీలో అడిగితే, ‘మళ్లీ మొదటి నుంచి ఎంఏ చేయండి మేడమ్’ అన్నారు, కూరగాయల బేరం ఆడినంత తేలిగ్గా. మా అమ్మ అయితే నేను ఫెయిలయ్యాననుకుంటోంది.

ఈ గందరగోళంలో బాగుపడుతున్నది బ్రోచర్లు అచ్చువేసేవాళ్లు. ‘క్లినికల్’ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆర్‌సీఐ గుర్తింపు ఉందా అని అడిగితే ‘అప్లై చేశాం, వచ్చేస్తుంది’ అంటారు. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి అలాగే నమ్మి చేరింది. రెండేళ్లయ్యాక చేతికి డిగ్రీ వచ్చింది, రిజిస్ట్రేషన్ మాత్రం రాదన్నారు. ఇప్పుడు మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీ హెచ్‌ఆర్‌లో చేస్తోంది.

గుర్తింపు ఉన్న ప్రైవేటు సీటు ఒకటి నాకూ దొరికేదే. రెండేళ్లకు నాలుగు లక్షల చిల్లర అన్నారు, హాస్టల్ వేరే. మా నాన్నది జనగామ దగ్గర రెండెకరాలు. అడగాలనిపించలేదు. సైకియాట్రీ పీజీ చేసే డాక్టర్‌కు నెలనెలా స్టైపెండ్ వస్తుంది. రావాలి కూడా, వాళ్లు పడే కష్టం చూశాను. అదే వార్డులో, అదే పేషెంటుతో గంటసేపు కూర్చుని కేసు హిస్టరీ రాసే సైకాలజీ ట్రైనీ మాత్రం ఎదురు ఫీజు కట్టుకోవాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో క్లినికల్ సైకాలజీ ట్రైనీలకు స్టైపెండ్ ఇస్తున్నారు. మన దగ్గర ఎందుకు కుదరదో నాకు అర్థం కాదు.

బయట రాష్ట్రాల నుంచి సైకాలజిస్టులను తెచ్చుకోవచ్చు కదా అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. సర్జన్‌ను తెచ్చుకోవచ్చేమో. మాది మాటతో చేసే వైద్యం. మా ఊరి నుంచి వచ్చే పెద్దమ్మ డిప్రెషన్ అనదు. ‘పానం మంచిగుంటలేదు బిడ్డా, అరికాళ్లు మంటలు, గుండె దడ, బువ్వ సయిస్తలేదు’ అంటుంది. పక్కనున్న మామ ‘కొడుకు పోయినకాడ్నించి రంది పెట్టుకున్నది’ అంటాడు. ఆ రందిలో దుఃఖమెంత, జబ్బెంత అని విడదీయడం పుస్తకం చదివితే రాదు. నేను చూసిన ఆ నెల రోజుల్లో ఒక సీనియర్ మేడమ్ అలాంటి ఒకామెను మందుల గురించి ఒక్క మాటా అడగలేదు. ‘కొడుకుకు ఏం కూర ఇష్టముండె?’ అని అడిగారు. అప్పటిదాకా కాళ్ల మంటలు తప్ప ఇంకోటి చెప్పని మనిషి, ముప్పావుగంట మాట్లాడింది. ఆ ప్రశ్న ఎప్పుడు అడగాలో, అడిగాక ఎప్పుడు ఊరుకోవాలో నేర్పడానికే సార్ ఆ రెండేళ్లు.

ఇంకోవైపు అవసరం మీకు తెలియంది కాదు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒక్కరినైనా పెట్టాలంది. ఒక్క దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లోనే వందమంది దాటిన ఇంటర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ఎన్ని ఉంటాయి? మా హాస్టల్ పక్కన కాలేజీలో నిన్నటిదాకా అడ్మిషన్లు చూసిన సారే ఇప్పుడు కౌన్సెలర్. రెండు రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్ గోడకు తగిలించారు. కాలేజీల్లో అందరూ క్లినికల్ సైకాలజిస్టులే అక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ కౌన్సెలర్‌కు ఒక పిల్ల పరిస్థితి తన చేయి దాటుతోందనిపిస్తే పంపడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేసినా అంతే, మాట్లాడాక పంపే చోటు కావాలి.

ఆర్‌సీఐ, యూజీసీ మీ చేతిలో లేవు, కేంద్రానివి. కానీ మీ చేతిలో ఉన్నది చిన్నదేమీ కాదు. ఈ కోర్సుల్లో ఎన్ని సీట్లన్నది, నేర్పడానికి ఎంతమంది అర్హులైన ఫ్యాకల్టీ ఉన్నారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్లినికల్ సైకాలజీ పోస్టులు మంజూరు చేసి రెగ్యులర్‌గా నింపితే సీట్లు పెరుగుతాయి. నింపిన ప్రతి పోస్టూ ఇటు ఆ సదరం క్యూనూ తగ్గిస్తుంది. కొత్త ఎంఏ కోర్సును ఎర్రగడ్డలో ప్రభుత్వ ఫీజుతో, స్టైపెండ్‌తో నడిపించండి. ఇప్పటికే ఎంఎస్సీ చేసినవాళ్లకు దగ్గరి దారి ఏదైనా చూపమని కేంద్రానికి రాష్ట్రం తరఫున ఒక ఉత్తరం రాయండి. విద్యార్థులం రాస్తే జవాబు రావడం లేదు.

అంతకంటే ముందు, ఈ నెలలోనే అయిపోయే పని ఒకటుంది. రాష్ట్రంలో ఏ కాలేజీలో ఏ సైకాలజీ కోర్సుకు ఈ ఏడాది ఆర్‌సీఐ గుర్తింపు ఉంది, ఎన్ని సీట్లు, ఫీజెంత అన్నది ఒక్క పేజీలో, తెలుగులో, మీ శాఖ వెబ్‌సైట్‌లో పెట్టించండి. అడ్మిషన్లు మొదలయ్యేలోపు వస్తే చాలు. పేజీ టైపు చేయడానికి మనుషులు లేరంటే చెప్పండి సార్, ఎలాగూ ఖాళీగానే ఉన్నాను, నేను వచ్చి చేసి పెడతాను.

భవదీయురాలు,
ఒక సైకాలజీ విద్యార్థిని
తార్నాక, హైదరాబాద్