ఆన్‌లైన్ వేలం: పేరు దాచండి, లెక్క దాచకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. వాయిదాలు కట్టలేని రైతుల దగ్గర నుంచి ఫైనాన్స్ కంపెనీలు స్వాధీనం చేసుకున్న ట్రాక్టర్లు, హార్వెస్టర్లు, సరుకు బండ్లు ఆన్‌లైన్ వేలంలో అమ్ముడుపోవడం మన జిల్లాల్లో మామూలైపోయింది. ఆ వేలాల్లో పాడేవారి పేర్లు ఒకరివి ఒకరికి కనబడవు. పేరు దాచడమే తప్పని నేను అనడం లేదు. దాచిన పేరు వెనుక నిజంగా ఒక మనిషి ఉన్నాడా లేడా అన్నది పాట ముగిశాక కూడా తేల్చుకునే దారి లేకపోవడమే నా అభ్యంతరం.

పరకాల వైపు వ్యవసాయం చేసుకునే మా మేనల్లుడు పాత ట్రాక్టరు కోసం ఒక కంపెనీ పెట్టిన వేలంలో ధరావతు కట్టి పాల్గొన్నాడు. పాట 2,20,000 రూపాయలతో మొదలైంది. తెర మీద అతడికి ఇద్దరు పోటీదారులు కనిపించారు, అదీ అంకెలుగానే. వారిలో ఒకరు 2,70,000 దగ్గర ఆగిపోయారు. మిగిలిన ‘బిడ్డర్ 5’ మాత్రం మావాడు ఎంత వేస్తే దాని మీద అయిదు వేలు వేస్తూ వచ్చాడు. 3,35,000 దాకా వెళ్లి మావాడు చాలించుకోగా, 3,40,000కు ‘బిడ్డర్ 5’ పేరిట పాట ఖాయమైంది. మరునాడు కంపెనీ తరఫున ఫోను వచ్చింది: పై పాట పాడినాయన తప్పుకున్నాడు, మీరు పాడిన ధరకే బండి ఇస్తాం, రెండు రోజుల్లో డబ్బు కట్టండి అని. తప్పుకున్నాయన ధరావతు జప్తు చేశారా అని అడిగితే, పాటదారుల వివరాలు చెప్పకూడదని జవాబు. మావాడు అడిగింది పేరు కాదు, డబ్బు ఏమైందని మాత్రమే.

‘మీరు పాడిన ధరకే’ అన్నది వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ హెచ్చుపాటలో ధర ఎక్కడ ఆగాలో నిర్ణయించేది గెలిచినవాడు కాదు, అతడి వెంట చివరిదాకా వచ్చిన రెండోవాడు. ‘బిడ్డర్ 5’ అనేవాడు అసలు లేకపోయి ఉంటే ఆ ట్రాక్టరు 2,75,000కే మావాడిదయ్యేది. పై అరవై వేలూ ఆ కనబడని మనిషి పెంచినవే. అది అమ్మేవారే ధర పెంచడానికి పాడించిన దొంగపాటేనని నేను ఆరోపించడం లేదు. నిజంగానే ఎవరో ఆశపడి పాడి, డబ్బు సర్దుబాటు కాక వెనక్కి తగ్గి ఉండవచ్చు. అయితే ఈ రెండింటిలో ఏది జరిగిందో కొనేవాడికి తెలిసే వీలు లేదు. పైగా ప్రతి వేలానికీ అంకెలు మారిపోతాయి కాబట్టి, ఈ వారం ‘బిడ్డర్ 5’గా వచ్చినవాడే వచ్చే వారం ‘బిడ్డర్ 2’గా వచ్చి మరో రైతు మీద పాట పెంచి తప్పుకున్నా పసిగట్టేవారుండరు.

ఇందుకు చట్టం లేదనుకుంటే పొరపాటు. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 64వ సెక్షన్, తాను కూడా పాడతానని అమ్మేవాడు ముందుగా ప్రకటించకపోతే, తాను పాడటం గానీ తన తరఫున మరొకరితో పాడించడం గానీ చట్టవిరుద్ధమని చెబుతోంది. ధర పెంచడానికి ఉత్తుత్తి పాట పాడించినట్టు తేలితే ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవాడికి ఉంది. పాటదారులంతా ఒకచోట మూగి, ఎవరు ఎవరి మనిషో నలుగురికీ తెలిసే రోజుల్లో రాసిన చట్టమది. ఇప్పుడు హక్కు కాగితం మీద అలాగే ఉంది, దాన్ని నిరూపించుకునే ఆధారం మాత్రం కంపెనీ కంప్యూటర్‌లో ఉండిపోయింది.

ముఖాలు కనబడితే అంతా సవ్యంగా జరుగుతుందని కూడా నేను చెప్పను. వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్లో అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు రాసినవాణ్ణి గనుక జెండా పాటను దగ్గరగా చూశాను. మేలు రకం మిర్చి రాశి ఒకదాని దగ్గర అందరూ మూగి ఆ రోజుకు పై ధర పలుకుతారు. ఆ ధరే మరునాడు పత్రికల్లో వస్తుంది. ఆ తరువాత ఖరీదుదారులు వరుసగా బస్తాలు కోసి చూస్తూ వెళ్లేటప్పుడు, పక్కవాడు ఎవరో, ఏ రాశి మీద కన్నేశాడో తెలిసిపోతుంది కాబట్టి ఒకరి సరుకు మీదికి ఒకరు పోకుండా కళ్లతోనే సర్దుకునే అవకాశం ఉంటుంది. జెండా పాట ధర విని సంతోషించిన రైతు తన తక్‌పట్టీ (సరుకు అమ్మిన లెక్క చీటీ) చూసుకుని ఉసూరుమనడం యార్డులో కొత్త కాదు. అలాంటి కుమ్మక్కుకు విరుగుడుగానే పోటీదారుల పేర్లు, ధరలు ఒకరికొకరికి తెలియని పద్ధతి కావాలన్నారు. పంటల కోసం 2016 ఏప్రిల్‌లో మొదలైన జాతీయ ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్ తొలి విడతలోనే వరంగల్, నిజామాబాద్ మార్కెట్లు చేరాయి. అక్కడ కొనేవాడికి లైసెన్సు ఉంటుంది, అతడెవరో మార్కెట్ కమిటీకి తెలుసు. పక్క వ్యాపారికి తెలియని పేరు మార్కెట్‌కు తెలిసి ఉండటమే అందులోని రక్షణ. ఫైనాన్స్ కంపెనీల వేలంలో మార్కెట్ కమిటీ లాంటి మూడో మనిషి లేడు. అమ్మించేదీ, పాట నడిపే వెబ్‌సైటుకు డబ్బిచ్చేదీ ఆ కంపెనీయే.

పేర్లు దాచడానికి మరో కారణం కూడా ఉంది. 1995లో మొదలైన ఈబే అనే ఆన్‌లైన్ వేలం వెబ్‌సైటులో చాలా ఏళ్లు పాటదారుల ఖాతా పేర్లు అందరికీ కనిపించేవి. ఓడిపోయినవారికి మోసగాళ్లు సొంతంగా ఉత్తరాలు రాసి, వస్తువు మీకే ఇస్తామంటూ డబ్బు కాజేయడం ఎక్కువ కావడంతో 2006, 2007 ప్రాంతంలో ఆ సంస్థ పేర్లను మరుగుపరచింది. దొంగపాటలకు ఇది ముసుగవుతుందని అప్పుడే విమర్శలు వచ్చాయి. 2010లో బ్రిటన్‌లో ఒక వ్యాపారి తాను అమ్మకానికి పెట్టిన మినీబస్సు మీద మరో ఖాతాతో తానే పాట పెంచి కోర్టులో శిక్ష కూడా పొందాడు. అయినా ఈబే ఒక మంచి పని చేసింది: పేరు దాచినా, ఆ పాటదారు ఇటీవల వేసిన పాటల్లో ఎంత శాతం ఇదే అమ్మకందారు వస్తువుల మీద వేశాడో చూపించింది. కొనేవాడికి కావలసింది ఆ పాటి సమాచారమే.

ఈ వ్యవహారంలో ఎవరూ తలచుకోని మనిషి మరొకడున్నాడు. బండి పోగొట్టుకున్న రైతు. దొంగపాట కొనేవాడిని ముంచితే, కుమ్మక్కు ఇతడిని ముంచుతుంది. నాలుగు లక్షల బండిని దళారులు కూడబలుక్కుని రెండున్నరకు దక్కించుకుంటే తక్కిన బాకీ అతడి నెత్తిమీదే ఉంటుంది, హామీ ఉన్న చుట్టానికి నోటీసు వెళుతుంది. బండి ఎంతకు పోయిందో ఒక అంకె చెబుతారు తప్ప, ఎంతమంది పాడారు, కొన్నది బయటివాడా, కంపెనీకి బండ్లు గుంజుకొచ్చే ఏజెంటు తాలూకు మనిషా అన్నది అతడికి తెలియదు. వేలంలో కుమ్మక్కు కావడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం నేరుగా నిషిద్ధమే, కానీ పాట జాబితా చేతిలో లేని రైతు ఏమని ఫిర్యాదు చేస్తాడు?

బ్యాంకులు మొండి బాకీల వసూలుకు ఉన్న సర్ఫేసీ చట్టం కింద తాకట్టు ఇళ్లు, స్థలాలు వేలం వేసేటప్పుడు గెలిచినవారు ఆ రోజే, లేదంటే మరుసటి పనిదినానికల్లా పావు వంతు కట్టాలి. ఎగవేస్తే కట్టింది పోతుంది. తప్పుకోవడానికి ఖరీదు ఉన్నచోట ఉత్తుత్తి పాటలు పాడేవారు తగ్గుతారు. బండ్ల వేలంలో కూడా తప్పుకున్నవారి ధరావతు జప్తు చేసి తీరాలి, చేసినట్టు రెండో పాటదారుకు రాతపూర్వకంగా తెలపాలి. అలా తెలపలేని పక్షంలో తప్పుకున్నవారి పాటలన్నీ కొట్టివేసి, మిగిలిన పాటల ప్రకారం ధర తిరిగి లెక్కగట్టాలి. ఒక వ్యక్తికి ఒక వెబ్‌సైటులో అన్ని వేలాలకూ మారని ఒకే అంకె ఇవ్వాలి. బాకీదారు అడిగితే కొన్నవారి పేరుతో సహా మొత్తం పాట జాబితా చూపాలి. కొన్నవారి వ్యక్తిగత గోప్యత మాటేమిటని కంపెనీలు అనవచ్చు. బండి రిజిస్ట్రేషన్ మారిన రోజు ఆ పేరు రవాణా శాఖ కాగితాల్లోకి ఎలాగూ ఎక్కుతుంది.

దీనికి కొత్త చట్టం దాకా పోనక్కరలేదు. స్వాధీనం చేసుకున్న వాహనాన్ని ఏ పద్ధతిలో అమ్ముతారో రుణ ఒప్పందంలోనే రాసి ఉండాలని రిజర్వ్ బ్యాంకు ఫైనాన్స్ కంపెనీలకు ఇప్పటికే నిర్దేశించింది. ఆ పద్ధతిలో పైన చెప్పినవి కూడా ఉండాలని చేర్చితే సరిపోతుంది. అంతవరకు, ఇలాంటి వేలం ప్రకటనలు మీ పత్రికకు వచ్చినప్పుడు, అమ్మేవారు తామే పాడే హక్కు ఉంచుకున్నారా లేదా, తప్పుకున్నవారి ధరావతు ఏమవుతుంది అన్న రెండు ముక్కలు ప్రకటనలోనే రాయించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కాశిబుగ్గ, వరంగల్